కడచూపు దగ్గర ఆగిన క్రయానిక్స్

బహ్రెయిన్ దీవికి వాయవ్య మూలన, సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఊరు బుదైయా. మనామా నుంచి పడమటికి వెళ్లే బుదైయా రోడ్డు పొడవునా విల్లాలు, దుకాణాలు, నర్సరీలు, అక్కడక్కడా మిగిలిన ఖర్జూర తోటలు కనిపిస్తాయి. ఆ ఊరికి దగ్గర్లోనే జనబియా, సార్ అనే చోట్ల నాలుగు వేల ఏళ్ల నాటి మట్టి దిబ్బలున్నాయి. అవన్నీ దిల్మున్ నాగరికత నాటి సమాధులు. క్రీ.పూ. 2200 నుంచి 1750 మధ్య కట్టినవి. బహ్రెయిన్‌లో 21 చోట్ల మిగిలిన 11,774 దిబ్బలను యునెస్కో 2019లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఒక్కో దిబ్బ లోపల రాతి గది ఉంటుంది. అందులో మోకాళ్లు ముడిచి పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టిన మనిషి, ఆ మనిషి దగ్గర ఒకటో రెండో కుండలు.

ఇదే దిల్మున్‌ను సుమేరియన్లు ముసలితనం, రోగం లేని పుణ్యభూమిగా చెప్పుకున్నారు. జలప్రళయాన్ని దాటిన జియుసుద్రకు దేవతలు చావు లేని బతుకునిచ్చి ఇక్కడే ఉంచారని వాళ్ల కథ. స్నేహితుడు చనిపోయాక చావంటే భయం పట్టుకున్న, వాళ్ల కథల్లోని రాజు గిల్గమేశ్ అలాంటి చిరంజీవినే వెతుక్కుంటూ వస్తాడు. కాళ్లకు రాళ్లు కట్టుకుని నీళ్ల అడుక్కి దిగి, ముసలితనాన్ని పోగొట్టే మొక్కను పట్టుకుంటాడు. తిరుగు దారిలో దాన్ని పాము తినేస్తుంది. మొన్న మొన్నటి దాకా బహ్రెయిన్ ముత్యాల వేటగాళ్లు కూడా కాలికి రాయి ఆసరాతోనే సముద్రంలోకి దిగేవారు. చావు లేదని పేరుపడ్డ నేల మీద ఇన్ని వేల సమాధులున్నాయంటే, ఆ కోరికా ఈ దుఃఖమూ ఒకే చోట పుట్టాయనిపిస్తుంది.

ఆ కోరికకు మన కాలంలో వచ్చిన రూపం క్రయానిక్స్. చట్టప్రకారం మరణించిన మనిషి శరీరాన్ని, లేదా తలను మాత్రమే, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంచుతారు. ఇవాళ నయం కాని జబ్బును, ఇవాళ సరిచేయలేని నష్టాన్ని రేపటి వైద్యం బాగుచేస్తుందని ఆశ. అమెరికాలోని మిచిగన్‌లో భౌతికశాస్త్రం బోధించిన రాబర్ట్ ఎటింగర్ 1964లో ఒక పుస్తకంలో ఈ ఆలోచనను లోకం ముందు పెట్టారు. 1967 జనవరి 12న జేమ్స్ బెడ్‌ఫోర్డ్ అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు ఈ పద్ధతిలో భద్రపరచిన మొదటి మనిషి అయ్యారు. జనం త్వరలోనే పెద్ద సంఖ్యలో ఈ దారి పడతారని ఎటింగర్ అనుకున్నారు. అలా జరగలేదు. ఆరు దశాబ్దాల తర్వాత కూడా ప్రపంచం మొత్తం మీద ఆ ట్యాంకుల్లో ఉన్నవాళ్లు కొన్ని వందల మందే. ముందుగా పేరు నమోదు చేసుకున్నవాళ్లు కొన్ని వేల మంది.

ఎందుకింత తక్కువ? డబ్బు, మతం, శాస్త్రం మీద అనుమానం అని మూడు జవాబులు వెంటనే వస్తాయి. మూడింట్లోనూ నిజం ఉంది. కానీ అసలు అడ్డంకి వేరే చోట ఉందని నా నమ్మకం. అది గల్ఫ్‌లో బతికే తెలుగువాళ్లకు, వాళ్ల కోసం ఊళ్లో ఎదురుచూసేవాళ్లకు బాగా తెలిసినదే.

ముందుగా ఒక మాట. చలిలో ప్రాణాన్ని దాచడం మనకేమీ కొత్త కాదు. పల్లెలో గేదె ఎదకొస్తే కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రను పిలిపించి సూది వేయిస్తాం. ఆయన క్యాన్ మూత తీయగానే తెల్లటి పొగ వస్తుంది. అది ద్రవ నత్రజనే. అందులో గడ్డకట్టి ఉన్న ముర్రా దున్నపోతు వీర్యంతో, ఆ దున్నపోతు చనిపోయిన తర్వాత కూడా దూడ పుట్టగలదు. ఈ విద్యకు మూలం 1949 నాటిది. క్రిస్టఫర్ పోల్జ్, ఆయన సహచరులు ఇంగ్లండ్‌లో కోడిపుంజు వీర్యకణాలకు గ్లిజరాల్ కలిపి చల్లబరిస్తే అవి బతికి బయటపడ్డాయి. హైదరాబాద్‌లో సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల అంతరించిపోతున్న అడవి జంతువుల కణాలను ఇలాగే దాస్తోంది. 1978 అక్టోబర్ 3న కలకత్తాలో పుట్టిన దుర్గ అనే పాప, గడ్డకట్టించి 53 రోజులు దాచిన పిండం నుంచి ఎదిగింది. ఆ పని చేసిన డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయను అప్పటి అధికారులు, తోటి నిపుణులు నమ్మలేదు. అవమానాలు భరించలేక 1981లో ఆయన ప్రాణం తీసుకున్నారు. ఆయన చెప్పింది నిజమని లోకం ఒప్పుకోవడానికి ఇంకా ఏళ్లు పట్టింది. జనం నవ్విన ప్రతి ఆలోచనా తప్పు కాదని చెప్పడానికే ఈ సంగతి ఇక్కడ ఎత్తాను.

అయితే వీర్యకణం వేరు, మనిషి వేరు. నీరు గడ్డకట్టేటప్పుడు మంచు స్ఫటికాలు ఉప్పును తమలో కలుపుకోవు. ఉప్పంతా మిగిలిన కాస్త నీటిలో చేరి చిక్కబడుతుంది. ఆ ఉప్పదనం కణాల్లోని నీటిని బయటికి లాగేస్తుంది, కణాలు ముడుచుకుపోతాయి. స్ఫటికాలు పెరిగేకొద్దీ సన్నటి రక్తనాళాలను చీలుస్తాయి. దీనికి విరుగుడుగా కనిపెట్టిందే గాజుగా మార్చే పద్ధతి. పంచదార పాకాన్ని నెమ్మదిగా వదిలేస్తే పలుకులు పలుకులుగా కలకండ కడుతుంది. అదే ముదురు పాకాన్ని చప్పున చల్లారిస్తే పలుకు కట్టకుండా గాజులా బిగుస్తుంది. శరీరంలోని నీటికి బదులు చిక్కటి రక్షక ద్రావణాలను నింపి, త్వరగా చల్లబరిస్తే కణజాలం కూడా మంచు కట్టకుండా, సుమారు మైనస్ 120 డిగ్రీల దగ్గర గాజులా గట్టిపడుతుంది. అంత చలిలో రసాయన చర్యలు దాదాపు నిలిచిపోతాయి. వందేళ్లు గడిచినా కణంలో చెప్పుకోదగ్గ మార్పు ఉండదు.

చిక్కు పరిమాణంతో వస్తుంది. ద్రావణం చిక్కగా ఉంటే విషం, పలచగా ఉంటే మంచు. పైభాగం చల్లబడినంత త్వరగా లోపలిభాగం చల్లబడదు కాబట్టి పెద్ద అవయవాల్లో పగుళ్లు వస్తాయి. తిరిగి వేడి చేయడం ఇంకా కష్టం. నెమ్మదిగా వేడెక్కిస్తే దారిలోనే మంచు పుడుతుంది. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి, వాటి మధ్య ఉన్న అతుకులు ఇంకెన్నో రెట్లు ఎక్కువ. జ్ఞాపకాలు ప్రధానంగా ఆ అతుకుల్లోనే ఉంటాయని ఇప్పటి అవగాహన. ద్రవ నత్రజని చలి దాకా వెళ్లి ప్రాణంతో తిరిగొచ్చిన మనిషి గానీ, ఎలుక గానీ, మరే క్షీరదం గానీ ఇప్పటిదాకా లేదు. క్రయానిక్స్ సంస్థలు కూడా ఈ సంగతి దాచవు. తాము అమ్ముతున్నది వైద్యం కాదు, వైద్యం వచ్చేదాకా ఆగే అవకాశం అంటాయి.

ఆ అవకాశం కూడా నిమిషాల మీద ఆధారపడి ఉంటుంది. రక్తప్రసరణ ఆగిన నాలుగైదు నిమిషాలకే మెదడుకు నష్టం మొదలవుతుంది. సమయం గడిచేకొద్దీ సన్నటి నాళాలు మూసుకుపోతాయి, ఇక ఎంత మంచి ద్రావణమైనా లోపలికి చేరదు. అందుకే అరిజోనాలోని ఆల్కార్ లాంటి సంస్థలు, సభ్యుడి ప్రాణం పోయేలా ఉందని తెలిస్తే ముందుగానే ఒక బృందాన్ని పక్కన ఉంచుతాయి. డాక్టర్ మరణాన్ని ధ్రువీకరించిన మరుక్షణం శరీరాన్ని మంచునీటి తొట్టిలో పెట్టి, యంత్రంతో ఛాతీని నొక్కుతూ, రక్తం గడ్డకట్టకుండా మందులెక్కిస్తారు.

ఇప్పుడు బుదైయాలో ఇంటిపనో తోటపనో చేసుకునే ఒక జగిత్యాల మనిషిని ఊహించుకోండి. బహ్రెయిన్‌లో భారతీయులు మూడు లక్షలకు పైగా ఉన్నారు, వాళ్లలో తెలుగువాళ్లు తక్కువేం కాదు. నలభై డిగ్రీలు దాటే ఎండాకాలంలో ఆ మనిషి గుండె ఆగింది. అప్పుడు మొదలయ్యేవి కాగితాలు: మరణ ధ్రువపత్రం, పోలీసు అనుమతి, కఫీల్ (పని ఇచ్చిన యజమాని) సంతకం, రాయబార కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం, శవం చెడకుండా మందులెక్కించిన సర్టిఫికెట్, ఆ తర్వాత విమానంలో చోటు. అన్నీ సవ్యంగా ఉంటే కొన్ని రోజులు, చిక్కుపడితే వారాలు. అప్పటిదాకా మార్చురీ చలిలో ఉంటాడు. ఊళ్లో ఇల్లాలు పొయ్యి వెలిగించదు. శంషాబాద్‌లో పెట్టె దిగాక అక్కడి నుంచి ఊరికి అంబులెన్సు. ఈ శ్రమంతా ఎందుకు పడతారు? కడచూపు కోసం. ఒక్కసారి ముఖం చూసి, కొడుకు చేత తలకొరివి పెట్టించడం కోసం.

ఆ శవానికి ఎక్కించే మందు ఫార్మాలిన్. అది ప్రొటీన్లను ఒకదానికొకటి బిగించేసి కుళ్లును ఆపుతుంది. శాస్త్రవేత్తలు మెదడును భద్రపరచడంలో సాధించిన గొప్ప విజయం కూడా ఆ కోవకే చెందిన మందుతోనే జరిగింది. రాబర్ట్ మెకింటైర్ బృందం మత్తులో ఉన్న జంతువు రక్తనాళాల ద్వారా గ్లూటరాల్డిహైడ్ పంపి, ఆ తర్వాత చలిలో దాచి, నాడీకణాల అతుకులు చెక్కుచెదరకుండా చూపించింది. అందుకు బ్రెయిన్ ప్రిజర్వేషన్ ఫౌండేషన్ 2016లో కుందేలు మెదడుకు, 2018లో పంది మెదడుకు బహుమతులిచ్చింది. కానీ ఆ మందు పడిన కణం మళ్లీ బతకదు. మిగిలేది అల్లిక మాత్రమే. అందులోని జ్ఞాపకాలను భవిష్యత్తులో ఎవరో చదవగలరన్న ఆశ తప్ప, ఆ మనిషి లేచి కూర్చునే దారి లేదు.

కడచూపు దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే అసలు అడ్డంకి అక్కడే ఉంది. మనవాళ్లు శరీరాన్ని కోయనివ్వరని, మతం అడ్డొస్తుందని అనేవాళ్లు చాలామంది. అదే నిజమైతే అవయవదానం ఇంతగా పెరిగేది కాదు. 2013లో మొదలైన జీవన్‌దాన్ పథకంతో తెలుగు రాష్ట్రాల్లో, ముఖ్యంగా తెలంగాణలో, జీవన్మృతుల కుటుంబాలు గుండె, కాలేయం, మూత్రపిండాలు ఇస్తున్నాయి. అవయవాలు తీశాక శరీరం ఇంటికి వస్తుంది, పసుపు కుంకుమలు, దింపుడుకళ్లం, పెద్దకర్మ అన్నీ జరుగుతాయి. శరీరం మొత్తం ఇచ్చినప్పుడు కూడా కడచూపుకు చోటుంది. సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి 2024 సెప్టెంబర్ 12న కన్నుమూశారు. రెండు రోజుల తర్వాత ఆయన భౌతికకాయాన్ని ఢిల్లీలో పార్టీ కార్యాలయంలో ఉంచారు. జనం బారులు తీరి చూశాకే పరిశోధన కోసం ఎయిమ్స్‌కు అప్పగించారు. క్రయానిక్స్ ఆ రెండు రోజులు ఇవ్వదు. రెండు గంటలు కూడా ఇవ్వదు. కన్నతల్లి బిడ్డ ముఖం మీద పడి ఏడవాల్సిన సమయంలో, కొత్తవాళ్లు వచ్చి ఆ ముఖాన్ని మంచుతో కప్పేస్తారు.

ఇది మన ఒక్కరి బాధ కాదు. 2016లో లండన్‌లో క్యాన్సర్‌తో చనిపోతున్న 14 ఏళ్ల అమ్మాయి తనను క్రయానిక్స్‌తో భద్రపరచాలని కోరింది. తల్లి ఒప్పుకుంది. ఎన్నో ఏళ్లుగా దూరంగా ఉన్న తండ్రి వద్దన్నాడు. తర్వాత, చనిపోయాక తనకు, తనవాళ్లకు ఆమెను చూపిస్తే సరేనన్నాడు. ఆమెకు అది ఇష్టం లేదు. హైకోర్టు న్యాయమూర్తి పీటర్ జాక్సన్ ఆసుపత్రికి వెళ్లి ఆమెతో మాట్లాడి, నిర్ణయం తల్లిదేనని తేల్చారు. అక్టోబర్‌లో ఆ అమ్మాయి కన్నుమూసింది, శరీరం మిచిగన్‌లోని క్రయానిక్స్ సంస్థకు చేరింది. తర్వాత ఆసుపత్రివాళ్లు కోర్టుకు ఒక సంగతి తెలియజేశారు. ఆఖరి రోజున తల్లి ఆ ఏర్పాట్లలో మునిగిపోయి, బిడ్డ పక్కన పూర్తిగా ఉండలేకపోయిందట. ఆ తండ్రి అడిగింది కడచూపు. ఆ తల్లి పోగొట్టుకున్నది కూడా ఒక విధంగా అదే. క్రయానిక్స్ మీద వచ్చిన వాదోపవాదాలన్నిటికంటే ఈ కేసే నాకు ఎక్కువ చెప్పింది.

చైనాలో జీనాన్ నగరంలోని యిన్‌ఫెంగ్ సంస్థ 2017లో ఒక మహిళ శరీరాన్ని భర్త సమ్మతితో భద్రపరచింది. ఆయన మరో తోడు చూసుకున్నాడన్న సంగతి 2025లో బయటికొస్తే ఆ దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. పోయిన భార్య అయితే తప్పా ఒప్పా అన్న ప్రశ్నే రాదు. తిరిగి రావచ్చేమో అనుకున్న భార్యకు మాట ఇచ్చినట్టా, కాదా? చితి ఆరాక, అస్థికలు నీళ్లలో కలిపాక, పదకొండో రోజు ఇంటికి వెలుగు తిరిగొస్తుంది. ట్యాంకు ముందు నిలబడ్డ మనిషికి పదకొండో రోజు అంటూ ఉండదు. ఎటింగర్ ఈ చిక్కును ఒకే రకంగా దాటగలిగారు. 1977లో తల్లిని, తర్వాత ఇద్దరు భార్యలను అదే పద్ధతిలో భద్రపరచి, 2011లో 92 ఏళ్ల వయసులో తనూ అక్కడికే చేరారు. లేచిన రోజున తెలిసిన ముఖం ఉండాలని ఆయన కూడా అనుకున్నట్టేగా.

నమ్మకం ఇంకొక అడ్డంకి. ఇక్కడ డబ్బు లెక్క కంటే కాలం లెక్క పెద్దది. మొత్తం శరీరానికి ఆల్కార్‌లో రెండు లక్షల డాలర్ల పైమాట, తలకైతే 80 వేలు. ఎటింగర్ స్థాపించిన క్రయానిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో 28 వేలు, అంటే మన లెక్కలో 20 లక్షలు దాటుతుంది. సభ్యుల్లో ఎక్కువమంది దీన్ని జీవిత బీమాతో కడతారు. నెలకు కొంత కట్టుకుంటూ పోతే, ప్రాణం పోయాక వచ్చే మొత్తం సంస్థకు వెళ్తుంది. గల్ఫ్‌కు వెళ్లే మన కూలీకి కూడా బీమా ఉంది. ప్రవాసీ భారతీయ బీమా యోజనలో కొన్ని వందల రూపాయలు కడితే, ప్రమాదంలో ప్రాణం పోయినప్పుడు 10 లక్షలు వస్తాయి. ఆ కాగితం మీద నామినీగా భార్య పేరో, అమ్మ పేరో ఉంటుంది. పిల్ల పెళ్లి, ఇంటి అప్పు ఆ డబ్బు మీదే ఆధారపడి ఉంటాయి. ఆ గడిలో తన శవాన్ని కాపాడే సంస్థ పేరు రాయమంటే ఏ తండ్రి రాయగలడు?

పైగా ఆ సంస్థ వందేళ్లు, రెండు వందల ఏళ్లు నిలబడాలి. తొలి రోజుల్లో కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్‌లో ఒక శ్మశానంలో భూగర్భ గదిలో శరీరాలను దాచారు. బంధువులు డబ్బు పంపడం మానేశారు, నత్రజని అయిపోయింది, తొమ్మిది శరీరాలు కరిగిపోయాయి. 1979లో బయటపడ్డ ఆ ఘోరం క్రయానిక్స్ పేరును చాలాకాలం వెంటాడింది. ఫ్రాన్స్‌లో మార్టినో దంపతుల శరీరాలను వాళ్ల కోట కింద ఫ్రీజర్‌లో ఉంచితే, యంత్రం చెడి చివరికి 2006లో దహనం చేయాల్సివచ్చింది. 1973కు ముందు భద్రపరచిన వాళ్లలో ఇప్పటికీ మిగిలింది బెడ్‌ఫోర్డ్ ఒక్కరే. ఆయనను కూడా కొన్నేళ్ల పాటు కాపాడింది కొడుకే. తానే నత్రజని కొనితెచ్చి నింపుతూ వచ్చాడు, 1982లో ఆల్కార్ ఆ బాధ్యత తీసుకునేదాకా.

శరీరాన్ని దాచడం మన కథల్లో కూడా ఉంది. దశరథుడు పోయినప్పుడు భరతుడు దూరాన కేకయ దేశంలో ఉన్నాడు. అతను వచ్చి కర్మ చేసేదాకా వసిష్ఠాదులు రాజు శరీరాన్ని తైలద్రోణిలో ఉంచారు. గల్ఫ్ మార్చురీలో ఎదురుచూసే శరీరం కూడా అందుకే ఎదురుచూస్తోంది. భాగవతంలో ఇంకో కథ ఉంది. నిమి చక్రవర్తి శరీరం శాపం వల్ల పడిపోతే, యాగం పూర్తయ్యేదాకా మునులు దాన్ని సుగంధ ద్రవ్యాల్లో భద్రపరిచారు. యాగం ముగిశాక దేవతలు తిరిగి బతికిస్తామన్నారు. నిమి వద్దన్నాడు. శరీరం మళ్లీ తీసుకుంటే దాన్ని మళ్లీ విడవాల్సిన బాధ తప్పదన్నాడు. దేవతలు అతనికి ప్రాణుల కనురెప్పల మీద చోటిచ్చారు. క్రయానిక్స్ ఇవ్వాలనుకునే వరాన్ని ఎదురుగా పెట్టి, కాదనే హక్కును కూడా మనిషికి వదిలిన కథ అది.

క్రయానిక్స్ వైపు వాదించేవాళ్లను మూర్ఖులనడం నాకు నచ్చదు. చావు గీత ఎప్పుడూ కదులుతూనే ఉంది. గుండె ఆగితే అంతా అయిపోయినట్టే అనుకున్న కాలం ఉంది. 1960 నుంచి ఛాతీ నొక్కి గుండెను తిరిగి కొట్టించే పద్ధతి వచ్చింది. 1968లో హార్వర్డ్ సంఘం, 1994లో మన అవయవమార్పిడి చట్టం మెదడు మరణాన్ని గుర్తించాయి. ఇవాళ్టి డాక్టర్ చేతులెత్తేసిన మనిషిని రేపటి డాక్టర్ బతికించవచ్చన్న మాటలో బలం ఉంది. కానీ ఆ మాట నిరూపించే పని ట్యాంకుల దగ్గర జరగదు, ప్రయోగశాలలో జరగాలి. నా ఆశ ఆ పని మీదే.

2025 జనవరిలో హైదరాబాద్ మెట్రో ఒక గుండెను ఎల్బీ నగర్ నుంచి లక్డీకాపూల్‌కు 13 కిలోమీటర్లు 13 నిమిషాల్లో చేర్చింది. అంత తొందర ఎందుకంటే, బయటికి తీసిన గుండె నాలుగు నుంచి ఆరు గంటలే ఆగుతుంది, మూత్రపిండం మహా అయితే ఒకటిన్నర రోజు. ఇక్కడే గాజుగా మార్చే విద్య ముందుకు పోతోంది. గ్రెగరీ ఫాహీ బృందం మైనస్ 130 డిగ్రీల కంటే చల్లగా గాజుగా మార్చి, తిరిగి వేడెక్కించిన మూత్రపిండంతో ఒక కుందేలు బతికిందని 2009లో ప్రకటించింది. 2023లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జాన్ బిషాఫ్, ఎరిక్ ఫింగర్ బృందం ఎలుక మూత్రపిండాలను 100 రోజుల దాకా దాచింది. వాటి నాళాల్లో ముందే ఇనుప ఆక్సైడ్ నానోకణాలను నింపి, రేడియో తరంగాల మధ్య ఉంచితే అవి లోపలా బయటా ఒకేసారి వేడెక్కాయి. పగుళ్లు రాలేదు, మంచు పుట్టలేదు. వాటిని వేరే ఎలుకలకు అమర్చితే పనిచేశాయి. ఇప్పుడు వాళ్లు పంది అవయవాలంత పెద్ద పరిమాణంలో ఇదే చేయడానికి ప్రయత్నిస్తున్నారు. పంది మూత్రపిండం పరిమాణంలో మనిషిదానికి దగ్గర. అది సాధ్యమైతే జీవన్‌దాన్ జాబితాలో ఏళ్ల తరబడి డయాలిసిస్‌తో నెట్టుకొస్తున్నవాళ్లకు సరిపోయే మూత్రపిండం, ఎక్కడో దొరికినా, నెలల తర్వాత అయినా అందుతుంది. ఇచ్చిన కుటుంబానికి కడచూపు దక్కుతుంది, పుచ్చుకున్న కుటుంబానికి మనిషి దక్కుతాడు.